గ్రంథసూచి టేబుల్‌లో జిల్లాల పేర్లను ఒకేసారి మార్చడం: రీప్లేస్ ఫంక్షన్ ఒక్కటే సరిపోతుందా?

తాళపత్రం

అందరికీ నమస్కారం. మేము నడుపుతున్న ట్రస్టు గ్రంథాలయంలోని రాతప్రతులు, పాత ముద్రిత పుస్తకాలు, పటచిత్రాల వివరాలన్నీ మైఎస్‌క్యూఎల్ 8.0 అనే డేటాబేస్‌లో ఒకే టేబుల్‌లో ఉన్నాయి. రికార్డులు 40,000కు పైగా ఉంటాయి. వాటిలో ‘జిల్లా’ అనే కాలమ్ జాబితా నుంచి ఎంచుకున్నది కాదు. నమోదు చేసినవారు తమకు తెలిసిన రూపంలో టైపు చేసినది. అందువల్ల 2016 అక్టోబరు 11కు ముందు నమోదైన వాటిలో తెలంగాణలోని పాత 10 జిల్లాల పేర్లు, తరువాతి వాటిలో కొత్త జిల్లాల పేర్లు కనిపిస్తున్నాయి. ఆంధ్రప్రదేశ్ వైపు కూడా 2022 ఏప్రిల్ 4కు ముందున్న 13 జిల్లాల పేర్లు, ఆనాడు ఏర్పడిన 26 జిల్లాల పేర్లు కలగలిసి ఉన్నాయి. వెబ్‌సైటులో జిల్లాల వారీగా వెతికే సౌకర్యం కల్పించాలని నిర్ణయించాం కనుక, ఈ పేర్లన్నింటినీ ఇప్పటి రూపానికి తేవలసి ఉంది.

బ్రౌజర్ నుంచి మైఎస్‌క్యూఎల్‌ను నడిపే పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో, ఒక మాట స్థానంలో మరొకటి పెట్టే రీప్లేస్ ఫంక్షన్‌తో, రికార్డులను మార్చే అప్‌డేట్ వాక్యాలు వరుసగా రాసి నడపాలన్నది నా ఆలోచన. ‘వరంగల్ అర్బన్’ను ‘హనుమకొండ’గా, ‘వరంగల్ రూరల్’ను ‘వరంగల్’గా, ‘నెల్లూరు’ను ‘శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు’గా, ‘కోనసీమ’ను ‘డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ’గా మార్చే వాక్యాలను ఇప్పటికే సిద్ధం చేసుకున్నాను. వీటిని నడిపే ముందు ఇందులో లోపాలేమైనా ఉంటే చెప్పవలసిందిగా పెద్దలను కోరుతున్నాను.

పట్టికలపని

తాళపత్రం గారూ, నడపకముందే అడిగి మంచి పని చేశారు. రీప్లేస్ ఫంక్షన్ పూర్తి విలువను పోల్చి చూడదు, విలువలో ఎక్కడో ఒకచోట ఆ అక్షరాల వరుస కనిపిస్తే చాలు మార్చేస్తుంది. మీ టేబుల్‌లో కొందరు ఇప్పటికే ‘శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు’ అని పూర్తిగా రాసి ఉంటే, మీ వాక్యం దానిలోని ‘నెల్లూరు’ను కూడా పట్టుకొని, ‘శ్రీ పొట్టి శ్రీరాములు శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు’ అని తయారు చేస్తుంది. అదే వాక్యాన్ని పొరపాటున రెండవసారి నడిపితే సరిగా మారిన రికార్డులకు కూడా అదే గతి పడుతుంది. కోనసీమ విషయంలోనూ ఇదే జరుగుతుంది. ఎన్నిసార్లు నడిపినా ఒకే ఫలితం ఇవ్వని వాక్యాన్ని వేల రికార్డులపై ప్రయోగించకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

కనీసపు జాగ్రత్తగా, కాలమ్ విలువ మొత్తం పాత పేరుతో సమానమైనప్పుడే మార్చాలని, ఏ రికార్డులు మారాలో చెప్పే వేర్ షరతులో రాయండి. అంతకంటే ముందు, ఆ కాలమ్‌లో ఎన్ని రకాల విలువలు ఉన్నాయో, ఒక్కొక్కటి ఎన్నిసార్లు వచ్చిందో, ఒకే విలువ ఉన్నవాటిని ఒకచోట చేర్చే గ్రూప్ బైతో లెక్కించి, ఆ జాబితాను విడిగా భద్రపరచండి. అప్‌డేట్ నడిపాక ఎన్ని రికార్డులు మారాలో ముందుగానే తెలిసి ఉంటేనే, మారిన సంఖ్య సరైనదో కాదో చెప్పగలం.

ఓరుగల్లు పాఠకుడు

సాంకేతిక విషయాలు పట్టికలపని గారు చెప్పారు. నేను ఈ ప్రాంతపు మనిషిని కాబట్టి, వరంగల్ గురించిన చిక్కును మీ దృష్టికి తేవాలనుకుంటున్నాను. ‘వరంగల్’ అనే పేరు మీ టేబుల్‌లో రెండు వేర్వేరు ప్రాంతాలను సూచిస్తుంది. 2016 అక్టోబరుకు ముందు నమోదైన రికార్డులో అది ఉమ్మడి వరంగల్ జిల్లా. ఆ జిల్లా నుంచే వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు వచ్చాయి. 2019 ఫిబ్రవరిలో భూపాలపల్లి నుంచి ములుగు విడిపోయింది. 2021లో అర్బన్ జిల్లాకు హనుమకొండ అని, రూరల్ జిల్లాకు వరంగల్ అని పేర్లు మార్చారు. కాబట్టి మీరు ‘వరంగల్ రూరల్’ను ‘వరంగల్’గా మార్చిన మరుక్షణం, ఆ రికార్డులన్నీ ఉమ్మడి జిల్లా కాలపు ‘వరంగల్’ రికార్డులతో కలిసిపోతాయి. ఆ తరువాత ఏది పాత వరంగల్, ఏది కొత్త వరంగల్ అన్నది ఆ కాలమ్‌ను చూసి చెప్పడం ఎవరి వల్లా కాదు.

2021లో జరిగింది పేర్ల మార్పు ఒక్కటే కూడా కాదు. ఖిలా వరంగల్, వరంగల్ మండలాలు అప్పటి వరకు అర్బన్ జిల్లాలో ఉండేవి. పునర్వ్యవస్థీకరణలో అవి కొత్త వరంగల్ జిల్లాకు వెళ్లాయి, రూరల్‌లో ఉన్న పరకాల వంటి మండలాలు హనుమకొండకు వచ్చాయి. మీ వాక్యం ప్రకారం చూస్తే, కోట ప్రాంతంలో సేకరించిన రాతప్రతి ఏదైనా ‘వరంగల్ అర్బన్’ అని నమోదై ఉన్నట్లయితే అది హనుమకొండ జిల్లాకు పోతుంది, అది తప్పు.

మీ దగ్గర పటచిత్రాలు ఉన్నాయన్నారు కదా, వాటిలో చేర్యాల నకాషీ చిత్రాలు ఉంటే వాటినే ఉదాహరణగా తీసుకోండి. చేర్యాల ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఉండేది, 2016 నుంచి సిద్దిపేట జిల్లాలో ఉంది. ‘వరంగల్’ అన్న విలువను ఏ కొత్త పేరుతో మార్చినా చేర్యాల పటం సిద్దిపేటకు చేరదు. రామప్ప గుడి ఉన్న పాలంపేట ఇప్పుడు ములుగులో ఉంది, పెంబర్తి జనగామలో ఉంది. జిల్లా పేరును చూసి జిల్లాను నిర్ణయించలేం, మండలం గానీ ఊరు గానీ తెలియాలి.

గ్రంథసూచి

నేను గ్రంథాలయ వర్గీకరణ రంగంలో పనిచేస్తున్నాను. మీ చర్చ అంతా పాత పేరును ఏ కొత్త పేరుగా మార్చాలన్న ప్రశ్న చుట్టూ తిరుగుతోంది కానీ, పాత పేరును అసలు మార్చాలా అన్నదే నాకు ముఖ్యమైన ప్రశ్నగా తోస్తోంది. ఒక రాతప్రతిని సేకరించిన రోజున సేకరించినవారు ‘ఒంగోలు జిల్లా’ అని రాసి ఉంటే, ఆ మాట సమాచారంలో ఒక భాగం. ఒంగోలు జిల్లా 1970లో ఏర్పడి, 1972లో ప్రకాశం జిల్లా అయింది. ఆ పేరు ఉన్న సేకరణ పత్రం ఏ కాలానిదో అంచనా వేయడానికి అది ఒక ఆధారం. దానిని చెరిపి ఇప్పటి పేరు రాస్తే, ఆ ఆధారాన్ని మన చేతులతోనే పోగొట్టుకున్నట్లవుతుంది.

అందువల్ల నమోదైన పేరు ఉన్న కాలమ్‌ను తాకవద్దని నా విన్నపం. పక్కనే ‘ప్రస్తుత జిల్లా’ అనే మరో కాలమ్‌ను చేర్చి, వెబ్‌సైటులోని వెతుకులాటను దానిపై నడపండి. పాఠకుడికి రెండూ చూపించండి. రేపు ప్రభుత్వం మళ్లీ జిల్లాలను మార్చినప్పుడు రెండవ కాలమ్‌ను మొదటి దాని నుంచి తిరిగి తయారు చేసుకోవచ్చు. మొదటిది పోతే దేని నుంచీ తయారు చేసుకోలేరు.

వేగుచుక్క

అందరి మాటల్లోనూ నిజం ఉంది. అయినా చిన్న గ్రంథాలయం నడిపేవారి పరిస్థితిని కూడా మనం చూడాలి. స్వచ్ఛందంగా పనిచేసే ఇద్దరు ముగ్గురు 40,000 రికార్డులకు మండలాలను వెతికి నింపగలరా? మార్చే ముందు డేటాబేస్ మొత్తాన్ని మైఎస్‌క్యూఎల్‌డంప్ అనే సాధనంతో బ్యాకప్ తీసి పెట్టుకుంటే, ఏ తప్పు జరిగినా వెనక్కి వెళ్లవచ్చు. హైదరాబాద్, ఖమ్మం వంటి పేర్లలోని అక్షర దోషాలను ముందుగా సరిచేస్తే పాఠకులకు ఈ నెలలోనే ప్రయోజనం కలుగుతుంది. పరిపూర్ణత కోసం ఆగితే పని ఎప్పటికీ మొదలు కాకపోవచ్చునన్నది నా భయం.

పట్టికలపని

వేగుచుక్క గారూ, పని త్వరగా మొదలు కావాలన్న మీ మాటతో నేను ఏకీభవిస్తున్నాను. బ్యాకప్ తప్పనిసరి అన్నదానితోనూ ఏకీభవిస్తున్నాను. అయితే ఇటువంటి తప్పులు అదే రోజు బయటపడవు. ఏ పరిశోధకుడో కొన్ని నెలల తరువాత ఉత్తరం రాస్తే తప్ప తెలియదు. అప్పటికి టేబుల్‌లో వందల కొత్త రికార్డులు, దిద్దుబాట్లు చేరి ఉంటాయి, పాత బ్యాకప్‌ను తిరిగి ఎక్కిస్తే అవన్నీ పోతాయి. టేబుల్ లోపలే పాత విలువ నిలిచి ఉంటే ఆ ఇబ్బంది రాదు. కాబట్టి గ్రంథసూచి గారు చెప్పిన రెండు కాలమ్‌ల పద్ధతే, విచిత్రంగా, పని త్వరగా మొదలు పెట్టడానికి కూడా వీలిస్తుంది. తెలిసిన వాటిని ఈ రోజే నింపవచ్చు, తెలియని వాటిని ఖాళీగా వదిలి వచ్చే ఏడాది నింపవచ్చు.

ఇందుకు 50 అప్‌డేట్ వాక్యాలు అక్కరలేదు. ‘నమోదైన పేరు’, ‘మండలం’, ‘ప్రస్తుత జిల్లా’ అనే మూడు కాలమ్‌లతో ఒక జోడింపు టేబుల్ తయారు చేసుకోండి. మొదటి రెండింటినీ కలిపి ప్రైమరీ కీగా, అంటే ఏ రెండు వరుసల్లోనూ ఒకటి కాకూడని గుర్తింపుగా, పెట్టండి. అలా పెట్టకపోతే ఒకే పాత పేరుకు రెండు కొత్త పేర్లు చేరే అవకాశం ఉంటుంది, అప్పుడు ఏది పడుతుందో మనం ముందుగా చెప్పలేం. మండలం అవసరం లేని పేర్లకు ఆ గడిలో ఖాళీ పదాన్ని ఉంచండి. తరువాత అసలు టేబుల్‌ను దీనితో జత కలిపి (జాయిన్ చేసి) ఒకే ఒక్క అప్‌డేట్ నడిపితే, ప్రతి రికార్డూ తన నమోదైన పేరును ఒక్కసారే వెతుక్కుంటుంది. ఒక వాక్యం రాసిన ఫలితాన్ని తరువాతి వాక్యం మళ్లీ మార్చే ప్రమాదం ఇందులో లేదు.

కొందరు ఇదే పనికి, షరతుల వారీగా విలువ ఇచ్చే కేస్ వాడతారు. కేస్‌లో, మిగిలినవాటికి ఏమి రాయాలో చెప్పే ఎల్స్ భాగం రాయడం మరిచిపోతే, ఏ షరతుకూ సరిపోని రికార్డులన్నింటిలో నల్, అంటే ఏ విలువా లేదన్న గుర్తు, పడుతుంది. ఉన్న విలువ చెరిగిపోయిందని ఏ హెచ్చరికా రాదు. జోడింపు టేబుల్‌కు మరో సుగుణం ఉంది. డేటాబేస్ తెలియని గ్రంథాలయ సిబ్బంది కూడా దానిని స్ప్రెడ్‌షీట్‌లో తెరచి, తప్పొప్పులు చూసి చెప్పగలరు.

అక్షరకూర్పు

తెలుగు పాఠ్యానికి ప్రత్యేకమైన ఒక సమస్యను ఇంతవరకు ఎవరూ ప్రస్తావించలేదు కనుక దానిని కొంచెం వివరంగా రాస్తాను. తెరపై ఒకే విధంగా కనిపించే రెండు పేర్లు, టేబుల్ లోపల వేర్వేరుగా ఉండవచ్చు.

‘హైదరాబాద్’నే చూడండి. మొదటి అక్షరంలోని ఐత్వాన్ని, ప్రతి గుర్తుకూ ఒక సంఖ్య ఇచ్చే యూనికోడ్‌లో, రెండు విధాలుగా రాయవచ్చు. 3144 సంఖ్య గల ఒకే గుర్తుగా రాయవచ్చు, లేదా ఎత్వం 3142, దాని కింద వచ్చే ఐత్వపు భాగం 3158 అనే రెండు గుర్తులుగా రాయవచ్చు. యూనికోడ్ ప్రమాణం ఈ రెండూ సమానమనే చెబుతుంది. కానీ రీప్లేస్ ఫంక్షన్‌కు అవి సమానం కావు, ఒక రూపంతో వెతికితే రెండవ రూపం దానికి దొరకదు.

రెండవది, కనిపించని విభజకం. ‘మహబూబ్‌నగర్’లో బకారపు పొల్లుకూ నకారానికీ మధ్య 8204 సంఖ్య గల గుర్తు ఉంటేనే అవి విడివిడిగా నిలుస్తాయి, లేకపోతే నకారం ఒత్తుగా మారి ‘మహబూబ్నగర్’ అవుతుంది. మరికొందరు అక్కడ ఖాళీ స్థలం ఇచ్చి ‘మహబూబ్ నగర్’ అని రాస్తారు. కొన్ని టైపింగ్ సాధనాలు ‘కరీంనగర్’ వంటి పేర్ల చివర అవసరం లేకపోయినా ఈ విభజకాన్ని వదిలిపెడతాయి. అందుకని విభజకాలన్నింటినీ ఒకేసారి తీసివేయకండి. కరీంనగర్ చివరనున్నది అనవసరం, మహబూబ్‌నగర్ మధ్యనున్నది అవసరం.

మైఎస్‌క్యూఎల్ 8.0లో డిఫాల్ట్‌గా వచ్చే కొల్లేషన్ (అక్షరాలను పోల్చే నియమాల సమితి), యూనికోడ్ పోలిక నియమాలను అనుసరించి, ఈ విభజకాన్ని పోలికలో లెక్కచేయదు. అంటే పట్టికలపని గారు చెప్పిన గ్రూప్ బై జాబితాలో విభజకం ఉన్న రూపం, లేని రూపం ఒకే వరుసగా కనిపించి, తేడా ఉన్నదన్న సంగతే మీకు తెలియదు. అందువల్ల గ్రూప్ చేసేటప్పుడు కాలమ్‌ను బైనరీగా, అంటే బైట్ల వరుసగా, మార్చి గ్రూప్ చేయండి. పక్కనే లెంగ్త్ ఫంక్షన్‌తో బైట్ల సంఖ్యను, చార్‌లెంగ్త్ ఫంక్షన్‌తో గుర్తుల సంఖ్యను చూపించండి. తెలుగు గుర్తు ఒక్కొక్కటీ యూటీఎఫ్-8 నిల్వ పద్ధతిలో 3 బైట్లు తీసుకుంటుంది, విభజకమూ 3 బైట్లే, మామూలు ఖాళీ స్థలం 1 బైటు. కాబట్టి ‘మహబూబ్నగర్’ 30 బైట్లు, ‘మహబూబ్‌నగర్’ 33 బైట్లు, ‘మహబూబ్ నగర్’ 31 బైట్లు వస్తాయి. హైదరాబాద్ ఒక రూపంలో 27, మరో రూపంలో 30 బైట్లు వస్తుంది. కంటికి అందని తేడా అంకెల్లో పట్టుబడుతుంది.

జోడింపు టేబుల్‌లోని ‘నమోదైన పేరు’ కాలమ్‌కు బైనరీ కొల్లేషన్ పెట్టడం కూడా ఇందుకే అవసరం. 8.0.17 వెర్షన్ నుంచి లభిస్తున్న 0900 బిన్ కొల్లేషన్ అయితే, చివరన ఉన్న ఖాళీ స్థలాన్ని కూడా వేరుగానే చూస్తుంది. ఐత్వపు రూపాలను ఒకటి చేయడానికి మైఎస్‌క్యూఎల్‌లో ప్రత్యేక ఫంక్షన్ లేదు. పైథాన్‌లోని యూనికోడ్‌డేటా మాడ్యూల్‌తో ఎన్‌ఎఫ్‌సీ, అంటే విడి గుర్తులను ఒకే గుర్తుగా కలిపిన, రూపానికి మార్చుకోవచ్చు. పోస్ట్‌గ్రెస్ అనే మరో డేటాబేస్ వాడేవారికి 13వ వెర్షన్ నుంచి నార్మలైజ్ ఫంక్షన్ డేటాబేస్‌లోనే ఉంది.

తాళపత్రం

ఇంత శ్రద్ధగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. అక్షరకూర్పు గారు చెప్పిన విధంగా బైనరీగా గ్రూప్ చేసి చూస్తే, మామూలుగా చేసినప్పటి కంటే చాలా పొడవైన జాబితా వచ్చింది. మహబూబ్‌నగర్ మూడు రూపాలూ ఉన్నాయి. నల్లగొండ, నల్గొండ రెండూ ఉన్నాయి, హన్మకొండ, హనుమకొండ రెండూ ఉన్నాయి. కొన్ని పేర్ల చివర ఉన్న ఖాళీ స్థలం, అంచుల్లోని ఖాళీలను తీసే ట్రిమ్ ఫంక్షన్‌తో పోవడం లేదు. నమోదైన పేరును తాకకూడదన్న గ్రంథసూచి గారి సలహాను మా ట్రస్టు సభ్యులు ఒప్పుకున్నారు.

ఇంకా రెండు సందేహాలు ఉన్నాయి. కొత్త కాలమ్‌ను కూడా పాత దాని వలెనే 30 పొడవుతో పెట్టవచ్చా? అలాగే మా టేబుల్‌లో ‘చివరి దిద్దుబాటు’ తేదీ తనంతట తానే మారే కాలమ్ ఒకటి ఉంది, ఈ పని వల్ల దానికేమవుతుంది?

పట్టికలపని

పొడవు గురించి: ‘శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు’ అన్న పేరు చదివేవారికి 10 అక్షరాలుగా కనిపిస్తుంది. డేటాబేస్ మాత్రం పొల్లులను, గుణింతపు గుర్తులను, ఖాళీలను విడివిడిగా లెక్కిస్తుంది కనుక దానికి అది 31. మీ 30 పొడవు కాలమ్‌లో అది పట్టదు. సరిపడని విలువలను ఒప్పుకోని స్ట్రిక్ట్ మోడ్ ఉంటే అప్‌డేట్ ఆగిపోతుంది. ఆ మోడ్‌ను ఎవరైనా తీసివేసి ఉంటే చివరి కొమ్ము పోయి ‘నెల్లూర’ అని మిగులుతుంది, దానికి ఒక హెచ్చరిక మాత్రమే వస్తుంది. తెలుగు పేర్లకు 100 పొడవు ఇవ్వడంలో నష్టమేమీ లేదు.

తేదీ గురించి: తనంతట తానే మారే తేదీ కాలమ్ ఉంటే, విలువ మారిన ప్రతి రికార్డులోనూ ఈ రోజు తేదీ పడుతుంది. అప్పుడు వేల రికార్డుల అసలు దిద్దుబాటు తేదీలు ఒక్క నిమిషంలో పోతాయి. దీనిని ఆపడానికి, అదే అప్‌డేట్ వాక్యంలో ఆ తేదీ కాలమ్‌ను దాని పాత విలువకే సమానం చేస్తూ రాయండి. రికార్డు మారినప్పుడు తమంతట తామే నడిచే ట్రిగ్గర్లు ఏమైనా ఉన్నాయేమో కూడా ముందే చూసుకోండి.

ట్రిమ్‌తో పోని ఖాళీ స్థలం బహుశా 160 సంఖ్య గలది, వెబ్ పేజీల నుంచి, వర్డ్ ఫైళ్ల నుంచి అతికించినప్పుడు వస్తుంది. ట్రిమ్ మామూలు ఖాళీని మాత్రమే తీస్తుంది. మీరు పాత కాలమ్‌ను మార్చడం లేదు కనుక, ఆ రూపాన్ని కూడా జోడింపు టేబుల్‌లో ఒక వరుసగా చేరిస్తే చాలు.

పీహెచ్‌పీమైఅడ్మిన్ వాడేటప్పుడు ట్రాన్సాక్షన్ (ఖాయం చేసే వరకు వెనక్కి తీసుకోగల మార్పుల సమూహం) మొదలు పెట్టి, ఫలితం చూసి, తరువాత కమిట్ (ఖాయం) చేయవచ్చునని అనుకోకండి. అక్కడ ప్రతి పేజీకీ కొత్త కనెక్షన్ ఏర్పడుతుంది, ముందు పేజీలో తెరచిన ట్రాన్సాక్షన్ తరువాతి పేజీకి రాదు. కమాండ్ లైన్‌లో లాగిన్ అయి చేయండి. స్టార్ట్ ట్రాన్సాక్షన్ ఇచ్చి, అప్‌డేట్ నడిపి, ఎన్ని రికార్డులు షరతుకు సరిపోయాయో, వాటిలో ఎన్ని నిజంగా మారాయో చూడండి. మైఎస్‌క్యూఎల్ ఈ రెండు సంఖ్యలను విడివిడిగా చూపిస్తుంది. మీ ముందస్తు లెక్కతో సరిపోకపోతే రోల్‌బ్యాక్ చేసి మార్పులను వెనక్కి తీసుకోండి. ఇదంతా పనిచేయాలంటే టేబుల్ ఇన్నోడీబీ అనే నిల్వ విధానంలో ఉండాలి. పాత మైఐశామ్ టేబుల్ అయితే రోల్‌బ్యాక్‌కు ఫలితం ఉండదు.

ఓరుగల్లు పాఠకుడు

మండలాల విషయంలో ఒక హెచ్చరిక. కొన్ని ఊళ్లు రాష్ట్రమే మారాయి. కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు ఖమ్మం జిల్లాలో ఉండేవి. 2014లో ఆంధ్రప్రదేశ్‌లోని పశ్చిమ గోదావరి జిల్లాకు వెళ్లాయి, 2022లో ఏలూరు జిల్లాలో చేరాయి. మీ టేబుల్‌లో వాటికి మూడు పేర్లూ ఉండవచ్చు, మూడింటికీ జోడింపు టేబుల్‌లో వరుసలు పెట్టండి. రాష్ట్రం పేరు వేరే కాలమ్‌లో ఉంటే దానికి కూడా ‘ప్రస్తుత రాష్ట్రం’ అని ఒక జత కాలమ్ అవసరమవుతుంది.

మండలం తెలియని పాత ‘వరంగల్’ రికార్డులకు ఊహించి ఏ జిల్లానూ రాయవద్దని వేడుకుంటున్నాను. వాటిని ఖాళీగా వదిలి, వెతుకులాటలో ‘ఉమ్మడి వరంగల్’ అనే విభాగం కింద చూపించండి. మా ప్రాంతపు పాఠకులకు ఆ మాట బాగా అలవాటే.

గ్రంథసూచి

వీలైతే ప్రస్తుత జిల్లాను పేరుగా కాక, కోడ్‌గా నిల్వ చేయండి. కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ నిర్వహించే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ప్రతి జిల్లాకూ, గ్రామానికీ ఒక కోడ్ ఉంటుంది. పేర్లను, కోడ్‌లను ఒక చిన్న టేబుల్‌లో ఉంచి, గ్రంథసూచి టేబుల్‌లో కోడ్‌ను మాత్రమే ఉంచితే, సరిహద్దులు మారకుండా పేరు ఒక్కటే మారినప్పుడు ఒకే ఒక్క వరుసను దిద్దితే సరిపోతుంది. కడప జిల్లా పేరు 2010లో వై.ఎస్.ఆర్. జిల్లాగా మారినప్పుడు ఎన్ని గ్రంథసూచీలలో ఎన్ని వేల రికార్డులు దిద్దవలసి వచ్చిందో ఆలోచిస్తే ఈ సలహా విలువ తెలుస్తుంది.

వేగుచుక్క

జోడింపు టేబుల్‌లో వరుసలు ఎవరు నింపాలన్న నా ఆందోళనకు సమాధానం దొరికింది. మండలం అవసరం లేని పేర్లను, అంటే అక్షర దోషాలను, మొదట నింపి ఒకసారి అప్‌డేట్ నడపండి. విడిపోయిన జిల్లాలను తరువాత ఒక్కొక్కటిగా చేర్చి అదే వాక్యాన్ని మళ్లీ నడపవచ్చు. ఎన్నిసార్లు నడిపినా పాత కాలమ్ చెక్కుచెదరదు కనుక నాకు అభ్యంతరం లేదు. స్ప్రెడ్‌షీట్ పంచుకుంటే నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల వరుసలను నేను నింపి ఇస్తాను.

తాళపత్రం

వేగుచుక్క గారికి స్ప్రెడ్‌షీట్ పంపించాను. టేబుల్ ఇన్నోడీబీలోనే ఉంది, ట్రిగ్గర్లు లేవు. టేబుల్ నకలుపై మొదటి విడత అప్‌డేట్ నడిపి చూశాను. సరిపోయిన సంఖ్య, మారిన సంఖ్య ముందస్తు లెక్కతో కలిశాయి, చివరి దిద్దుబాటు తేదీలు మారలేదు. ఉమ్మడి వరంగల్ రికార్డులలో ఊరి పేరు ఉన్నవాటిని విడిగా తీసి ఓరుగల్లు పాఠకుడు గారికి చూపిస్తాను. ఊరి పేరు లేనివి ఖాళీగానే ఉంటాయి. కొత్త రికార్డులు నమోదు చేసే ఫారమ్‌లో జిల్లాను ఇక టైపు చేయనివ్వకుండా, కోడ్‌ల జాబితా నుంచి ఎంచుకునేలా మార్చే పనిని అసలు టేబుల్‌పై అప్‌డేట్ నడపడానికి ముందే పూర్తి చేస్తున్నాము.